గోధుమ బంద్ చేసినా రిపోర్టు ఎందుకు మామూలు కాలేదు?

ప్రశ్న: మేడం, మా పాపకు తొమ్మిదేండ్లు. ఎదుగుదల లేదు, రక్తం తక్కువ, ఎప్పుడూ కడుపుబ్బరం. పరీక్షలు చేసి సీలియాక్, అంటే గోధుమ పడని జబ్బు అన్నరు. టీటీజీ ఐజీఏ అనే రక్తపరీక్షల అప్పుడు 200 కన్నా ఎక్కువ. ఎనిమిది నెలల సంది చపాతీ, ఉప్మా, బిస్కెట్లు అన్నీ బంద్ చేసినం. మొన్న 64 వచ్చింది. 20 లోపు ఉండాలట. ఎక్కడ తప్పు చేస్తున్నం? ఆరేండ్ల తమ్మునికి కూడా ఇప్పటినుంచే గోధుమ మాన్పియ్యాల్నా?
– ఒక తల్లి, పరకాల

జవాబు: అమ్మా, ఆ 64 చూసి భయపడకండి. ‘200 కన్నా ఎక్కువ’ అని రాశారంటే యంత్రం కొలత అక్కడికి అయిపోయిందని. అసలు 300 ఉందో 800 ఉందో ఎవరికీ తెలియదు. అక్కడినుంచి ఇంత దిగింది. గోధుమలో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ తిన్నప్పుడు పాప ఒంట్లోని రక్షణ వ్యవస్థ తన సొంత ఎంజైము ట్రాన్స్‌గ్లుటామినేజ్ మీదనే యాంటీబాడీలు తయారుచేస్తుంది. టీటీజీ కొలిచేది వాటినే. అవి మామూలుకు రావడానికి ఏడాది, కొందరికి రెండేళ్లు దాటుతుంది. పాప బరువు, ఎత్తు, హిమోగ్లోబిన్ మీరు రాయలేదు. నేనైతే ముందు వాటినే అడుగుతాను.

అయినా ఒక్కచోట వెతకండి. మీ పిండి గిర్ని. హనుమకొండలో నా దగ్గరికొచ్చే ఒకామె ఇంట్లో గోధుమ గింజ లేదు, అంకె మాత్రం కదలదు. ఒకరోజు ఆమె వెంట గిర్నికి పోయాను. మా ముందువాళ్లు గోధుమలు పట్టించుకుని పోగానే అదే తొట్లో మా జొన్నలు పోశారు. తెల్లటి జొన్నపిండి కన్నా ముందు దోసెడు గోధుమపిండి రాలింది మా డబ్బాలో! గ్లూటెన్ లేదని ప్యాకెట్ మీద రాయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములు దాటొద్దు. చిటికెడు గోధుమపిండి చాలు, కిలో పిండి ఆ హద్దుకు చేరడానికి. బియ్యం, జొన్నలు కడిగి ఎండబెట్టి ఇంట్లోనే మిక్సీ పట్టండి. ఆ పిండితో సకినాలు, సర్వపిండి నిశ్చింతగా పెట్టొచ్చు. ఇంగువ డబ్బా వెనక కూడా చదవండి, చాలావాటిలో మైదా కలుపుతారు.

తమ్ముడికి మాత్రం గోధుమ మాన్పించకండి. మానేస్తే యాంటీబాడీలు తగ్గి, జబ్బున్నా రిపోర్టు బాగానే వస్తుంది. అలా ముందే మాన్పించి తెచ్చిన ఒక బాబుకు పరీక్ష కోసం మళ్లీ వారాల తరబడి చపాతీలు పెట్టాల్సి వచ్చింది. వాడు కడుపు పట్టుకుని ముడుచుకుని కూర్చోవడం నాకింకా గుర్తే. మీవాడికి టీటీజీతో పాటు మొత్తం ఐజీఏ కూడా చూడమనండి. టీటీజీ ఐజీఏ పరీక్ష కొలిచేది ఈ ఐజీఏ రకం యాంటీబాడీలనే. కొందరు పిల్లల్లో ఐజీఏ పుట్టుకతోనే ఉండదు, అప్పుడు ఐజీజీ అనే మరో రకం యాంటీబాడీల పరీక్ష కావాలి. ఇప్పుడు బాగున్నా తర్వాత రావచ్చు, కాబట్టి రెండు మూడేళ్లకోసారి చూపించండి.

పాపకు ఈసారీ అదే ల్యాబులో చేయించండి, కిట్టు మారితే అంకెలు పోల్చలేం. తమ్ముడి రిపోర్టు రాగానే నాకు రాయండి.