లినక్స్ పెట్టాక విండోస్ రికవరీ కీ అడుగుతోందా?

ప్రశ్న: లాప్‌టాప్‌లో విండోస్ పక్కనే లినక్స్ వేసుకున్నాను. అందుకోసం సెక్యూర్ బూట్ (నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌తోనే కంప్యూటర్ మొదలయ్యేలా చూసే సెట్టింగ్) ఆఫ్ చేశాను. ఇప్పుడు విండోస్‌లోకి వెళ్దామంటే నీలం స్క్రీన్ వచ్చి రికవరీ కీ అడుగుతోంది. నేను ఏ కీ పెట్టలేదు. ఫైళ్లు పోయినట్టేనా?

జవాబు: ఇదే ప్రశ్నతో మెయిల్స్ వస్తూనే ఉన్నాయి. టెన్షన్ పడి ఫార్మాట్ మాత్రం చేయకండి. ఫైళ్లు డిస్క్‌లోనే ఉన్నాయి, బిట్‌లాకర్ అనే విండోస్ తాళం పడిందంతే. లాప్‌టాప్ బయోస్ సెట్టింగ్స్‌లో సెక్యూర్ బూట్ మళ్లీ ఆన్ చేసి, బూట్ వరసలో విండోస్ బూట్ మేనేజర్‌ను మొదటికి తెండి. చాలాసార్లు కీ అడగకుండానే తెరుచుకుంటుంది. కంప్యూటర్ ఎలా మొదలవుతుందో టీపీఎం అనే భద్రతా చిప్ గమనిస్తుంది. ఆ తీరు మారితే తాళంచెవి ఇవ్వదు, పాత తీరుకు వస్తే ఇస్తుంది. అసలు ఉబుంటు, ఫెడోరా లాంటివాటికి సెక్యూర్ బూట్ ఆపాల్సిన పనే లేదు.

అప్పటికీ తెరుచుకోకపోతే, ఆ నీలం స్క్రీన్ మీదున్న కీ ఐడీలో మొదటి 8 అక్షరాలు రాసుకోండి. విండోస్ సెటప్‌లో ఇచ్చిన మైక్రోసాఫ్ట్ అకౌంట్‌ను ఫోన్‌లో తెరిచి, అదే ఐడీ ఉన్న కీ వెతకండి. మొత్తం 48 అంకెలు, ఆరేసి చొప్పున 8 గుంపులు.

మీరు కీ పెట్టలేదన్న మాట నిజమే. ఇప్పటి లాప్‌టాప్‌లలో చాలావాటికి అకౌంట్‌తో లాగిన్ కాగానే ఎన్‌క్రిప్షన్, అంటే డిస్క్‌లోని ఫైళ్లకు వేసే ఈ తాళం, దానంతటదే ఆన్ అవుతుంది. తాళం వేయడం మంచిదే. వేశామనీ, చెవి ఫలానా చోట ఉందనీ యజమానికి సూటిగా చెప్పకపోవడమే నాకు ఒళ్లు మండిస్తోంది. ఆ అకౌంట్ పాస్‌వర్డ్ మర్చిపోయి, దానికిచ్చిన పాత ఫోన్ నంబరూ వదిలేసినవాళ్లు ఏం కావాలి?

నన్ను అంతకంటే భయపెడుతున్నది ఇంకొకటి. లినక్స్ వేయాలంటే ‘ముందు బిట్‌లాకర్ ఆఫ్ చేసేయండి’ అని చెప్పే వీడియోలు మళ్లీ ఆన్ చేయమని చెప్పవు. ఎన్‌క్రిప్షన్ లేని డిస్క్‌కు విండోస్ పాస్‌వర్డ్ అడ్డే కాదు. ఎవరైనా లినక్స్ పెన్‌డ్రైవ్ గుచ్చి బూట్ చేస్తే మీ డాక్యుమెంట్స్ ఫోల్డర్ నేరుగా తెరుచుకుంటుంది. స్కాన్ చేసిన గుర్తింపు కార్డులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, బ్రౌజర్ ఫైళ్లు అన్నీ వాళ్ల చేతిలో పడతాయి. దొంగ చేతికి వెళ్లనక్కర్లేదు, రిపేరుకిచ్చిన లాప్‌టాప్ అయినా చాలు. కాబట్టి లినక్స్ వేసే ముందు బిట్‌లాకర్ ఆఫ్ చేయకండి, సస్పెండ్ (తాత్కాలికంగా నిలిపి ఉంచడం) చేయండి. లినక్స్ వేయడం పూర్తయ్యాక రక్షణ మళ్లీ ఆన్‌లో ఉందో లేదో కళ్లతో చూసుకోండి.

మీ విండోస్ తెరుచుకోగానే ఆ 48 అంకెలూ కాగితం మీద రాసి ఇంట్లో దాచండి. లాప్‌టాప్ బ్యాగులో మాత్రం వద్దు.