వాల్చి గీస్తే చతురస్రం మారిపోతుందా?

ప్రశ్న: మా బాబు ఐదో తరగతి. లెక్కల్లో మార్కులు బాగానే వస్తాయి గానీ జామెట్రీ దగ్గర తడబడతాడు. చతురస్రాన్ని కాస్త వాల్చి గీస్తే డైమండ్ అంటాడు. వైశాల్యం, చుట్టుకొలత సూత్రాలు గడగడా అప్పజెబుతాడు, లెక్క ఇస్తే మాత్రం ఒకదాని బదులు ఇంకొకటి వేస్తాడు. ట్యూషన్ పెట్టించమంటారా?
– ఒక తల్లి, వేళచ్చేరి, చెన్నై

జవాబు: ట్యూషన్ సంగతి చివర్లో చెబుతానమ్మా. ముందు టెన్షన్ పడటం మానండి. పుస్తకాల్లో చతురస్రం ఎప్పుడూ నిటారుగానే నిలబడి ఉంటుంది. మీవాడు చూసింది అదే. నేను టీచరుగా ఉన్నప్పుడు గోడ చార్టు మీద చతురస్రాన్ని కావాలనే వంకరగా అంటించేదాన్ని. హెడ్‌మాస్టారు వచ్చి సరిచేసి వెళ్లేవారు!

నెదర్లాండ్స్‌కు చెందిన వాన్ హీలే దంపతులు 1957లో దీని మీదే పరిశోధన సమర్పించారు. పిల్లలు మొదట ఆకారాన్ని మొత్తంగా చూసి గుర్తుపడతారు, భుజాలూ కోణాలూ పట్టించుకోవడం ఆ తర్వాతి మెట్టు అన్నారు. వయసు పెరిగినంత మాత్రాన ఆ మెట్టు ఎక్కరట, ఎలా నేర్పామన్నదే ముఖ్యమట. నా అనుభవమూ అదే.

మార్గళిలో, అంటే మన ధనుర్మాసంలో, మీ వీధి నిండా ముగ్గులే కదా, అక్కడే మొదలుపెట్టండి. కాగితం మీద మూడేసి సెంటీమీటర్ల ఎడంతో నడుమ వరుసలో ఐదు చుక్కలు, దానికి పైనా కిందా మూడేసి, వాటికి అవతల ఒక్కొక్కటి పెట్టించండి. మొత్తం 13. నాలుగు కొసల చుక్కలనూ స్కేలుతో కలిపి, ఆ ఆకారాన్ని కత్తిరించమనండి. డైమండ్ అంటాడు, అననివ్వండి. ఏదైనా చిత్తు కాగితాన్ని ఒకసారి మడిచి, ఆ మడత అంచు దాని మీదికే వచ్చేలా మళ్లీ మడిస్తే లంబకోణం తయారు. దాన్ని నాలుగు మూలల్లోనూ పెట్టి చూడమనండి. భుజాలు కొలవమనండి. తర్వాత కాగితాన్ని వాడి చేతిలోనే కాస్త తిప్పండి. మీరేం చెప్పక్కర్లేదు.

అసలు మజా ఇప్పుడుంది. మధ్యలోని తొమ్మిది చుక్కల చుట్టూ ఇంకో చతురస్రం గీయించి, బయట మిగిలిన నాలుగు మూలలనూ ఆ గీతల వెంట లోపలికి మడిపించండి. నాలుగు కొనలూ సరిగ్గా నడి చుక్క దగ్గర కలుస్తాయి. బయటి చతురస్రం లోపలిదానికి ఎన్ని రెట్లో అడగండి, సూత్రం లేకుండానే చెబుతాడు. ముగ్గంటే చిన్నచూపు వద్దు. తాంబరంలోని మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరోమనీ, ఆయన సహచరులు 1970ల్లోనే ముగ్గు గీతల వెనకున్న నియమాలను కంప్యూటర్ సైన్సు పద్ధతిలో అధ్యయనం చేశారు.

వైశాల్యానికీ చుట్టుకొలతకూ చెన్నైలో స్థలాల బేరం కంటే మంచి పాఠం లేదు. ఇక్కడ గ్రౌండ్ అంటే 2,400 చదరపు అడుగులు. 40 అడుగులకు 60 ఉన్నా గ్రౌండే, 30కి 80 ఉన్నా గ్రౌండే. మరి ప్రహరీ కట్టాలంటే? మొదటిదానికి 200 అడుగుల గోడ, రెండోదానికి 220. గళ్ల కాగితం మీద పది అడుగులకు ఒక గడి చొప్పున రెండూ గీయించి, లోపలి గళ్లు ఒకసారి, అంచు ఒకసారి లెక్కపెట్టించండి. గేటు వదిలేయాలి కదా అని మీవాడు అడిగితే మురిసిపోండి. సూత్రాల జోలికి ఆ తర్వాతే వెళ్లాలి.

ఖాళీ అయిన టూత్‌పేస్టు పెట్టెలు పారేయకుండా విప్పించి, మళ్లీ అతికించమనండి. ఆరు సమాన చతురస్రాలను అంచులు కలిపి, మడిస్తే సమఘనం వచ్చేలా పరిచే పద్ధతులు 11 ఉన్నాయి. అన్నీ దొరక్కపోయినా సెలవు రోజు సరదాగా గడుస్తుంది.

ఇక ట్యూషన్. మాస్టారిని కలిసినప్పుడు, పిల్లల చేత కత్తెర పట్టిస్తారా అని అడగండి. సూత్రాల షీటు చూపిస్తే వెనక్కి వచ్చేయండి. ఓ నెల ఇంట్లోనే ఇవి చేయించి చూడండి. అప్పటికీ తడబడుతుంటే, ఎక్కడ ఆగిపోతున్నాడో వివరంగా రాయండి.