టికెట్ కొనేముందు తలుపు గురించి అడగండి

ప్రశ్న: నమస్తే మేడం, మాది అనంతపురం. మా అబ్బాయి బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు, చెల్లెలి పదిహేనో పుట్టినరోజుకి అక్కడేదో హారర్ ఎస్కేప్ రూమ్‌కి తీసుకెళ్తానంటున్నాడు. గదిలో పెట్టి తాళం వేస్తారంట, గంటలోపు క్లూలు పట్టుకుని బయటికి రావాలంట, మధ్యలో దయ్యాల వేషాలేసుకుని వచ్చి భయపెడతారంట. పాపకు ఆస్తమా ఉంది. వద్దంటే ఇద్దరూ అలుగుతున్నారు, సరే అందామంటే నాకు నిద్ర పట్టట్లేదు. పంపమంటారా?
– ఒక తల్లి, అనంతపురం

జవాబు: పంపొచ్చమ్మా, కాకపోతే అబ్బాయి ముందు కొన్ని విషయాలు కనుక్కోవాలి. దయ్యాల సంగతి పక్కన పెట్టండి, తలుపు సంగతి అడగమనండి. 2019 జనవరి 4న పోలండ్‌లోని కొషాలిన్‌లో ఐదుగురు ఆడపిల్లలు, అందరూ మీ పాప వయసువాళ్లే, పుట్టినరోజు కోసమే ఇలాంటి చోటికి వెళ్లారు. గ్యాస్ హీటర్ దగ్గర మంటలు లేచాయి, పిల్లలు గదిలోంచి బయటికి రాలేకపోయారు, కార్బన్ మోనాక్సైడ్ పీల్చి ఐదుగురూ ప్రాణాలు పోగొట్టుకున్నారు. మన దేశంలో 2024 మే 25న రాజ్‌కోట్‌లో రేకుల షెడ్డులో నడిపిన గేమ్ జోన్ తగలబడి 27 మంది చనిపోయారు, దానికి అగ్నిమాపక శాఖ ఇచ్చే అనుమతి పత్రం, అంటే ఎన్‌ఓసీయే లేదు. మీ టెన్షన్ పెరుగుతుందని తెలిసే ఇవి చెప్తున్నాను.

బాగా నడిపేచోట తాళం ఆట వరకే, తలుపు ఎప్పుడు కావాలంటే అప్పుడు లోపలినుంచి తీసుకోవచ్చు. చాలాచోట్ల కరెంటుతో పనిచేసే మాగ్నెట్ లాక్ పెడతారు, కరెంటు పోతే అది దానంతటదే వదిలేయాలి. అయితే దానికి బ్యాటరీ బ్యాకప్ ఉంటే కరెంటు పోయినా పట్టుకునే ఉంటుంది కాబట్టి తలుపు పక్కనే నొక్కితే తెరుచుకునే బటన్ కూడా ఉండాలి, అది చీకట్లోనూ కనబడాలి. లోపలికి పంపేముందే ఆ బటన్ నొక్కి చూపించమని అడగమనండి. చూపించడానికి నసిగితే డబ్బులు పోయినా సరే వెనక్కి వచ్చేయమనండి. ఎన్‌ఓసీ ఉందా, రెండో దారి ఎటువైపు, కెమెరాలో ఆటంతా చూస్తూ ఒక మనిషి కూర్చుంటాడా, ఇవి ఫోన్‌లోనే అడగొచ్చు.

ఇక పాప ఆస్తమా. హారర్ గదుల్లో పొగ మెషీన్ వాడుతుంటారు, ఆ పొగ ఆస్తమా ఉన్నవాళ్లకు పడకపోవచ్చు. పొగ లేకుండా ఆడించమంటే కొందరు ఒప్పుకుంటారు, ఒప్పుకోకపోతే వేరే గది చూసుకోవాలి. ఆటకు ముందు ఫోన్లు, బ్యాగులు లాకర్లో పెట్టించేస్తారు, ఇన్‌హేలర్ కూడా బ్యాగుతోపాటు అందులోకి పోతుంది! అది పాప జేబులోనే ఉండాలి, అన్నకూ తెలిసుండాలి. మీ డాక్టర్ని కూడా ఒక మాట అడగండి. వాళ్ల గుంపులో ఎవరికైనా ఫిట్స్ ఉంటే టపటపా వెలిగి ఆరే లైట్లున్న గదికి అసలు వెళ్లకూడదు.

భయం మరీ ఎక్కువైతే ఆట ఆపించడానికి ఏ మాట అనాలో ముందే చెప్పించుకోవాలి. పాప ఆ మాట అంటే అన్న నవ్వకూడదు, "ఇంకో ఐదు నిమిషాలే" అని బతిమాలకూడదు. ఈ ఒక్కటి మీరు అబ్బాయికి గట్టిగా చెప్పండి.

ప్రశ్న: మాది కడప. ఫ్రెండ్స్‌తో వేరే ఊళ్లో హారర్ రూమ్‌కి వెళ్తే చీకట్లో వేషం వేసినవాడు నా నడుం పట్టుకుని లాగాడు. అరిచినా వదల్లేదు. బయటికొచ్చి గొడవపడితే "సంతకం పెట్టావు కదా" అన్నారు. నిజంగానే నేనేం చేయలేనా?
– డిగ్రీ విద్యార్థిని

జవాబు: చేయగలవమ్మా. ఆట నియమాలకు సంతకం పెట్టావు, నీ ఒంటిమీద చేయి వేసే హక్కు ఆ కాగితం ఎవరికీ ఇవ్వదు. కొన్నిచోట్ల చేయి పట్టుకుని నడిపించడం ఆటలో భాగమే, కానీ అది ముందే చెప్పి ఒప్పించుకోవాలి, అప్పుడు కూడా వద్దన్న క్షణంలో వదిలేయాలి. ఆడపిల్లని నడుం పట్టుకుని లాగి, అరిచినా వదలకపోవడం నేరం, పోలీసులకు ఫిర్యాదు చేయొచ్చు. కెమెరా రికార్డింగ్ కొన్నాళ్లకు చెరిగిపోతుంది కాబట్టి దాన్ని దాచి ఉంచమని ఈరోజే వాళ్లకు మెయిల్ పెట్టు. టికెట్ రసీదు, వాళ్లతో నడిపిన మెసేజ్‌లు భద్రంగా ఉంచుకో.

సర్వీసు లోపం మీద విడిగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబర్ 1915కి ఫోన్ చేయొచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నువ్వు ఉండేచోటే కేసు వేసుకోవచ్చు, అంటే ఆ ఊరికి తిరగక్కర్లేదు, కడపలోని జిల్లా వినియోగదారుల కమిషన్ చాలు. ఇంట్లో చెప్పడానికి భయమైతే ఆరోజు నీతో ఉన్న ఫ్రెండ్‌ని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పు, తను చూసింది కూడా రాయించి పెట్టుకో.