చీరాల దగ్గర తీరం దాటిన తుపాను దివిసీమను ఎందుకు ముంచింది?

మీ ప్రశ్నలో రెండు సంగతులున్నాయి. 1977 నవంబరు 19న తుపాను చీరాల దగ్గర తీరం దాటితే, అరవై కిలోమీటర్లకు పైగా తూర్పున, కృష్ణా ముఖద్వారం దగ్గర ఉన్న దివిసీమలో అంతమంది ఎందుకు చనిపోయారన్నది మొదటిది. ఇలాంటివి బంగాళాఖాతంలోనే ఎందుకు ఎక్కువన్నది రెండోది. మీ అత్తగారి ఊరు దివిసీమలోని నాగాయలంక అని కూడా రాశారు కనుక కాస్త వివరంగానే చెబుతాను. నేను పుట్టి పెరిగింది అవనిగడ్డకు దక్షిణాన ఒక పల్లెలో. 1977 నాటికి నేను పుట్టలేదు గానీ ఇంట్లో ఆ రాత్రి గురించి వింటూనే పెరిగాను. 1990 తుపాను మా ఊళ్లో, 2014లో హుద్‌హుద్ విశాఖపట్నంలో స్వయంగా చూశాను.

దివిసీమ ఆ తుపానుకు కుడి పక్కన ఉంది. అసలు కారణం అదే. భూమధ్యరేఖకు ఉత్తరాన తుపాను చుట్టూ గాలి గడియారం ముళ్లకు ఎదురు దిశలో తిరుగుతుంది. అది ముందుకు సాగే దిక్కుకు మొహం పెట్టి నిలబడితే, కుడిచేతి వైపు గాలి సముద్రం మీది నుంచి నేల మీదికి వీస్తుంది. తుపాను నడిచే వేగం కూడా ఆ గాలికి తోడవుతుంది. ఎడమ వైపు గాలి నేల మీది నుంచి సముద్రంలోకి పోతుంది. అందుకే ఒకే తుపానులో ఒక ఊళ్లో సముద్రం వెనక్కి తగ్గుతుంది, ఇంకో ఊళ్లో ఇళ్ల మీదికి వస్తుంది.

మా నాన్నగారు ఆ రోజు సంగతి చెప్పినప్పుడల్లా నీటి కంటే ముందు గాలి దిక్కు గురించే చెప్పేవారు. మొదట ఈశాన్యపు గాలి. తర్వాత తూర్పుకు మళ్లింది, ఆపైన ఆగ్నేయానికి, చివరికి దక్షిణానికి. దక్షిణపు గాలి అందుకున్నాకే ఉప్పెన, అంటే గాలి తోసిన సముద్రపు నీరు, ఊళ్ల మీదికి వచ్చింది. ఆయనకు వాతావరణ శాస్త్రం తెలియదు. కానీ తుపానుకు కుడి పక్కన ఉన్నవారికి గాలి ఎలా తిరుగుతుందో, సరిగ్గా అదే ఆయన చెప్పింది. ఎడమ పక్కన ఉన్నవారికి గాలి ఉత్తరం నుంచి పడమటికి తిరుగుతుంది. దివిసీమ తీరం దక్షిణానికి తెరుచుకుని ఉంది, దాని పడమట నిజాంపట్నం దగ్గర తీరం వంపు తిరిగి అఖాతంలా ఉంటుంది. తోసుకొచ్చిన నీటికి పక్కకు తప్పుకునే దారి లేదు. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి వైపు ఊళ్లకు ఊళ్లే కొట్టుకుపోయాయి. అధికారిక లెక్కల ప్రకారమే చనిపోయినవారు పది వేల మంది దాకా ఉన్నారు. అసలు సంఖ్య అంతకంటే చాలా ఎక్కువని మా పెద్దలందరూ అంటారు, నేనూ నమ్ముతాను.

రెండో కారణం సముద్రపు లోతు. సాసరులో పోసిన టీని ఊదితే అవతలి అంచుకు ఎగబాకుతుంది, నిండు గ్లాసులో టీని ఊదితే పైన కదిలి కింది నుంచి వెనక్కి తిరిగిపోతుంది. సముద్రంలో జరిగేది కూడా ఇదే. లోతున్న చోట గాలి తోసిన నీరు అడుగు నుంచి వెనక్కి మళ్లుతుంది. లోతు తక్కువైతే ఆ వీలుండదు, నీరంతా ఒడ్డున పోగుపడుతుంది. కృష్ణా, గోదావరి వేల ఏళ్లుగా తెచ్చి పోసిన ఒండ్రు వల్ల డెల్టా ముఖాన ఒడ్డుకు దగ్గరి సముద్రం లోతు తక్కువ, నేల కూడా బల్లపరుపుగా ఉంటుంది. విశాఖ అలా కాదు. అక్కడ సముద్రం త్వరగా లోతెక్కుతుంది, వెనకే కొండలు.

ఈ తేడా నాకు హుద్‌హుద్‌లో కళ్లకు కట్టింది. 2014 అక్టోబరు 12న తుపాను కన్ను విశాఖ మీదుగానే వెళ్లింది. గాలి గంటకు 180 కిలోమీటర్ల పైమాటే. నగరంలో చెట్లు నేలకూలాయి, కరెంటు స్తంభాలు వంగిపోయాయి, విమానాశ్రయం పైకప్పు దెబ్బతింది. అంతటి గాలికీ అక్కడ ఉప్పెన మీటరున్నర లోపే. 1977లో దివిసీమ దగ్గర వచ్చింది దాదాపు అయిదు మీటర్లు. ఆ గాలే మా ఊరి మీదికి వచ్చి ఉంటే ఏమయ్యేదోనని ఆ రాత్రంతా ఆలోచిస్తూనే ఉన్నాను.

తుపాను మధ్యలో పీడనం తగ్గడం వల్ల సముద్రం ఉబ్బుతుందని, ఉప్పెనకు అదే కారణమని కొందరు రాస్తుంటారు. అందులో నిజం కొంతే. పీడనం ఒక మిల్లీబారు తగ్గితే నీటిమట్టం సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. డెబ్బై మిల్లీబార్లు తగ్గినా పెరిగేది ముప్పావు మీటరులోపే. మిగతాదంతా గాలి తోసిన నీరే.

ఇక బంగాళాఖాతం సంగతి. తుపాను పుట్టాలంటే పైనున్న నీరు 26, 27 డిగ్రీల కంటే వెచ్చగా, కొంత లోతు వరకు అలాగే ఉండాలి. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి తెచ్చే మంచినీరు ఉప్పునీటి మీద తేలికగా పరుచుకుని ఉంటుంది. కింది చల్లని నీరు పైకి కలవకుండా ఆ పొర అడ్డుపడుతుంది. గాలి ఎంత చిలికినా సముద్రం తొందరగా చల్లబడదు, తుపానుకు ఆవిరి అందుతూనే ఉంటుంది. దీనికి తోడు దక్షిణ చైనా సముద్రంలో బలహీనపడ్డ తుపాన్ల శేషాలు థాయిలాండ్ దాటి ఇటు వచ్చి మళ్లీ బలపడుతుంటాయి. నైరుతి రుతుపవనాల కాలంలో ఆకాశంలో ఎత్తున బలమైన తూర్పు గాలులు, కింద పడమటి గాలులు ఉంటాయి. వాటి మధ్య తుపాను నిటారుగా ఎదగలేదు. కనుకనే మనకు ఏప్రిల్, మే నెలల్లోనూ, అక్టోబరు నుంచి డిసెంబరు వరకూ భయం. ఇప్పుడు సముద్రం ఇంకా వేడెక్కుతోంది. తుపాన్ల సంఖ్య పెరగకపోయినా, ఒక్క రోజులోనే తీవ్రంగా మారే తుపాన్లకు ఆ వేడి ఊపిరి పోస్తుంది.

1990 మే 9న వచ్చిన తుపాను కృష్ణా ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. నేను చిన్నపిల్లవాణ్ని. జీపుకు కట్టిన మైకులో ఊరు ఖాళీ చేయమన్నారు. అమ్మా నాన్నా మమ్మల్ని ట్రాక్టరు ఎక్కించి 1977 తర్వాత కట్టిన తుపాను షెల్టరుకు తీసుకెళ్లారు. గొడ్లను వదిలి రానని పట్టుబట్టిన మా తాతయ్యను నాన్న బతిమాలి తీసుకొచ్చారు. నాలుగయిదు మీటర్ల ఉప్పెన అప్పుడూ వచ్చింది. గొడ్లు పోయాయి, బావులన్నీ ఉప్పునీళ్లయ్యాయి. అయితే లక్షన్నర మందికి పైగా ముందే తరలించారు కాబట్టి ప్రాణనష్టం వెయ్యి లోపే ఆగింది. ఆ వెయ్యీ చిన్న లెక్కేమీ కాదు. కానీ 1977లో ఇలాగే ముందుగా తరలించి ఉంటే మా నాన్నగారి బంధువుల్లో చాలామంది బతికేవారు.

అందుకని నాగాయలంక వారికి మీరు చెప్పాల్సింది ఇది. టీవీలో తుపాను ఎక్కడ తీరం దాటుతుందో విని, అది చీరాలనో బాపట్లనో అయితే మనకేం కాదులే అనుకోవద్దని చెప్పండి. వారికి ఎక్కువ ప్రమాదం అలాంటప్పుడే. వాతావరణ శాఖ బులెటిన్‌లో గాలి వేగం తర్వాత ఉప్పెన ఎత్తు కూడా ఉంటుంది. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థ కూడా ఉప్పెన అంచనాలు ఇస్తుంది. ఆ అంకె మామూలు పోటు మీద అదనం. రెండు మీటర్లు అని రాస్తే, ఆ సమయానికి ఉండే పోటు ఎత్తును కూడా దానికి కలుపుకోవాలి. అమావాస్య, పౌర్ణమి దగ్గరపడితే ఆ మొత్తం ఇంకా పెరుగుతుంది. కరకట్ట ఉందన్న ధైర్యంతో ఇంట్లో ఉండిపోవద్దు. మడ అడవులు కెరటాల జోరును తగ్గిస్తాయి, వాటిని నరికి రొయ్యల చెరువులు తవ్వడం నాకు ఎంతో బాధ కలిగిస్తుంది. అయినా అయిదు మీటర్ల నీటిని అవి ఒక్కటే ఆపలేవు. గాలి తగ్గగానే ఇంటికి బయలుదేరవద్దని కూడా చెప్పండి. ఉప్పెన నీరు కాలువల్లో ఎగువకు తన్ని ఉంటుంది, పైనుంచి వాననీరు వస్తుంటుంది. రెండూ కలిసి లోతట్టు దారుల మీద చాలాసేపు నిలిచిపోతాయి.