ఆగిపోయిన ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకు కొత్త మెయింటైనర్లను ఎలా తెచ్చుకోవాలి?

ముందు పాత మెయింటైనర్‌కు, అంటే ప్రాజెక్టు బాగోగులు చూసిన వ్యక్తికి, మెయిల్ రాయండి. "ఎప్పుడు బాగుచేస్తారు?" అని కాదు, "ఏ పని మాకు వదిలేస్తారు?" అని అడగండి.

"మెయింటైనర్లు కావలెను" అని రీడ్‌మీలో (ప్రాజెక్టు పరిచయ ఫైలులో) బోర్డు పెడితే వచ్చేవాళ్లు తక్కువ. ప్యాచ్ (కోడ్‌కు సవరణ) పంపి, జవాబు రాక ఊరుకున్నవాళ్లు పాత పుల్ రిక్వెస్టుల్లోనే, అంటే మార్పులు కలపమని పంపిన అభ్యర్థనల్లోనే, కనిపిస్తారు. వాళ్లకు విడివిడిగా రాయండి. మొదట ఇష్యూలు (నమోదైన సమస్యలు) వడపోసే బాధ్యత ఇవ్వండి, కొన్నాళ్లకు కోడ్ కలిపే హక్కు. రిలీజ్ హక్కు, అంటే కొత్త వెర్షన్ విడుదల చేసే హక్కు, అన్నిటికంటే చివర.

ఇంత జాగ్రత్త దేనికంటే, 2018లో ఈవెంట్-స్ట్రీమ్ అనే జావాస్క్రిప్ట్ ప్యాకేజీని సాయం చేస్తానన్న అపరిచితుడికి అప్పగిస్తే, బిట్‌కాయిన్ వాలెట్లను దోచే కోడ్ అందులో చేరింది. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే సాఫ్ట్‌వేర్‌లో 2024లో బయటపడ్డ ఉదంతం ఇంకా భయంకరం: అక్కడ బ్యాక్‌డోర్ (రహస్య దొంగదారి) పెట్టిన ఖాతా అంతకుముందు రెండేళ్లకు పైగా ఓపిగ్గా పనిచేసి నమ్మకం సంపాదించింది. కాబట్టి రిలీజ్‌కు కనీసం ఇద్దరి ఆమోదం ఉండాలి.

పాతవారి నుంచి ఉలుకూ పలుకూ లేకపోతే ఫోర్కే దారి, అంటే కోడ్ నకలు తీసుకుని వేరే ప్రాజెక్టుగా నడపడం. పైథాన్‌లో బొమ్మల పనికి వాడే పిఐఎల్ అనే లైబ్రరీ 2009 తర్వాత ఆగిపోతే, 2010లో దాని ఫోర్క్‌గా పిల్లో పుట్టింది. ఇంపోర్ట్ పేరు, అంటే కోడ్‌లో దాన్ని పిలిచే పేరు, పిఐఎల్‌గానే ఉంచారు. దాంతో వాడేవాళ్లు తమ కోడ్‌ను పెద్దగా మార్చుకోనక్కర్లేకపోయింది.