కొలెస్ట్రాల్ మాత్ర వేసుకుంటూ పంపరపనస తినొచ్చా?

ప్రశ్న: మేం బెంగళూరులో ఎలహంకలో ఉంటాం. నాన్నగారికి 64 ఏళ్లు. రాత్రి కొలెస్ట్రాల్‌కు అటోర్వాస్టాటిన్ 40 మి.గ్రా., పొద్దున బీపీకి ఆమ్లోడిపిన్ 5 మి.గ్రా. వేసుకుంటారు. దేవనహళ్లి చకోత, అంటే మన పంపరపనస, ఆయనకు ప్రాణం. రోజూ సగం కాయ తింటున్నారు. పొద్దున తిని రాత్రి మాత్ర వేసుకుంటే ఫర్వాలేదా?

జవాబు: వేళలు మార్చినా లాభం లేదండీ. కొన్ని మందులు రక్తంలోకి చేరేలోపే పేగు గోడలోని సీవైపీ3ఏ4 అనే ఎంజైమ్ వాటిలో కొంత భాగాన్ని విరగ్గొడుతుంది. పంపరపనసలోని ఫ్యూరనోకూమరిన్లు అనే పదార్థాలు ఆ ఎంజైమ్‌నే పనికిరాకుండా చేస్తాయి. పేగు మళ్లీ కొత్తది తయారుచేసుకోవడానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. ఈలోగా వేసుకున్న మాత్ర మోతాదుకు మించి రక్తంలో చేరుతుంది.

గ్రేప్‌ఫ్రూట్‌తో ఈ సంగతి 1989లో కెనడాలో అనుకోకుండా బయటపడింది. ఫెలోడిపిన్ అనే బీపీ మందుతో మద్యం కలిస్తే ఏమవుతుందో చూసే ప్రయోగంలో, మద్యం రుచి తెలియకూడదని ఆ రసంలో కలిపి ఇస్తే, ఆ మందు రక్తంలో అమాంతం పెరిగింది. గ్రేప్‌ఫ్రూట్ పంపరపనసకూ బత్తాయి జాతికీ పుట్టిన సంకరం కాబట్టి తల్లి చెట్టుకూ ఆ గుణం ఉంది. అయితే ఎంత ఉందన్నది రకాన్నిబట్టి, కాయనుబట్టి మారుతుంది. అందుకే 'ఇన్ని తొనలైతే భద్రం' అని లెక్క చెప్పలేం.

అటోర్వాస్టాటిన్ మీద దీని ప్రభావం సిమ్వాస్టాటిన్ అనే మరో కొలెస్ట్రాల్ మందు మీద ఉన్నంత కాదు. ఎప్పుడో రెండు తొనలు తింటే కంగారు అక్కర్లేదు. రోజూ సగం కాయ మాత్రం ఆపించండి. తొడలు, భుజాలు కారణం లేకుండా నొప్పెట్టినా, నీరసంతోపాటు మూత్రం డికాక్షన్ రంగులో వచ్చినా అదే రోజు డాక్టర్‌ని కలిసి, మందు ఎక్కువై కండరాలు దెబ్బతిన్నాయేమో తెలిపే సీకే రక్తపరీక్ష చేయించాలి. పండు మానలేనంటే, రోసువాస్టాటిన్ అనే ఇంకో కొలెస్ట్రాల్ మందుకు మార్చడం కుదురుతుందేమో మీ డాక్టర్‌ని అడగండి. దానికి ఈ ఎంజైమ్‌తో పెద్దగా పనిలేదు. అంతేగానీ పండు కోసం మాత్ర మానేయకూడదు. ఆమ్లోడిపిన్‌తో ఇబ్బంది తక్కువే. కిడ్నీ మార్పిడి తర్వాత టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్ వాడేవాళ్లు మాత్రం ఒక్క తొన కూడా ముట్టుకోకూడదు.

బత్తాయి, కమలా నిరభ్యంతరంగా తినొచ్చు. బత్తాయిలోనూ పంపరపనస అంశ ఉన్నా, కమలా వైపు నుంచి వచ్చిన లక్షణం వల్ల ఈ పదార్థాలు దాదాపు తయారవవు. విటమిన్ సి కోసమే అయితే ఉసిరి, జామ ఉండనే ఉన్నాయి.

ఇంకో మాట. పంపరపనస తొక్క ముఖానికి రుద్ది ఎండలోకి వెళ్తే అవే పదార్థాలు చర్మాన్ని బొబ్బలెక్కిస్తాయి, నల్లమచ్చలు నెలల తరబడి పోవు.