డ్రమ్స్ ముద్దగా వినిపిస్తుంటే ముందు రికార్డర్ చోటు మార్చండి

గది మూలన కుర్చీ మీద చేతి రికార్డర్ పెట్టి డ్రమ్స్ రికార్డు చేస్తే, కిక్ (కాలితో వాయించే పెద్ద డ్రమ్) మోత తప్ప ఏదీ విడిగా వినిపించడం లేదని మీరు రాశారు. లోపం చాలావరకు ఆ మూలదే. గోడలు కలిసే చోట మంద్ర ధ్వనులు పోగుపడతాయి. అక్కడ ఎంత మంచి మైకు పెట్టినా వాటినే ఎక్కువగా పట్టుకుంటుంది.

రికార్డర్‌ను స్టాండుకు బిగించి, కిట్‌కు ఎదురుగా ఆరేడు అడుగుల దూరంలో, డ్రమ్మర్ తల ఎత్తులో ఉంచండి. మైకులను స్నేర్ (డ్రమ్మర్ ముందుండే, ‘టక్’మని పలికే చిన్న డ్రమ్) వైపు కొద్దిగా వంచండి. ఇక్కడ తొందరపడవద్దు. అరడుగు ముందుకు, అరడుగు వెనక్కి జరుపుతూ, ప్రతిసారీ ఒకే వరస వాయించి, హెడ్‌ఫోన్లలో విని పోల్చుకోండి. స్నేర్ మీద పుల్ల తగిలిన ‘టక్’ స్పష్టంగా వినిపించే చోటు దొరికితే సగం పని అయినట్లే.

రికార్డర్‌లో శబ్దం స్థాయిని తనంతట తానే సర్దే ఆటో లెవెల్‌ను తప్పకుండా ఆపేయండి. అది ప్రతి దెబ్బకూ శబ్దాన్ని అణిచి మళ్లీ పెంచుతుంది. ఆ పెంచడంలో గది ప్రతిధ్వని పైకి తేలుతుంది. గట్టిగా వాయించినప్పుడు మీటరు −12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా గెయిన్ (మైకు శబ్దాన్ని ఎంత పెంచాలో చెప్పే అమరిక) పెట్టండి. శబ్దాన్ని కుదించకుండా దాచే 24 బిట్ వేవ్ ఫైలే వాడండి.

అప్పటికీ ముద్దగా ఉంటే ఈక్వలైజర్‌లో (మంద్ర, మధ్య, హెచ్చు ధ్వనులను విడివిడిగా తగ్గించి పెంచే సాధనం) 250 నుంచి 400 హెర్ట్జ్ మధ్య మూడు నాలుగు డెసిబెల్స్ తగ్గించండి. మంద్ర ధ్వనులను తీసేసే లో కట్ మీట మాత్రం వెంటనే నొక్కకండి, కిక్ బలం పోతుంది.